బ్లరా, ఒయాసిసా: ముప్పై ఏళ్లయినా ఈ పంచాయితీ ఎందుకు తెగట్లేదు

1995 ఆగస్టు చివర్లో టాప్ ఆఫ్ ద పాప్స్ అనే బీబీసీ షోలో బ్లర్ అనే ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ వాళ్లు తమ మొట్టమొదటి నంబర్ వన్ పాట వాయించారు. ఆ వీడియో ఎప్పుడైనా దొరికితే పాడేవాణ్ణి వదిలేసి పక్కన బేస్ గిటార్ పట్టుకున్న అలెక్స్ జేమ్స్‌ని చూడండి. ఒంటి మీద టీషర్ట్, టీషర్ట్ మీద ఒయాసిస్ అని రాసుంది. అంటే అదే వారం అమ్మకాల చార్టులో తాము ఓడించిన బ్యాండ్ పేరు వేసుకుని మరీ స్టేజీ ఎక్కాడు. అది పుండు మీద కారమా, పెద్దమనిషితనమా అని అడిగితే బ్లర్ ఫ్యాన్స్ ఒకటి చెప్తారు, ఒయాసిస్ ఫ్యాన్స్ ఇంకోటి చెప్తారు, నన్నడిగితే మాత్రం వాడికి ఆ గొడవంతా కామెడీగానే అనిపించి ఉంటుంది, తర్వాత్తర్వాత పొలంలో సెటిలై చీజ్ తయారుచేసుకునే మనిషి కదా.

నాకు ఈ రెండు బ్యాండ్‌లూ పరిచయమైంది ఇంజినీరింగ్ హాస్టల్లో. మా ఫ్లోర్‌లో గిటార్ కొన్న ప్రతివాడూ నాలుగు కార్డ్స్ వేళ్లకి అలవాటు కాగానే వండర్‌వాల్ ఎత్తుకునేవాడు, పరీక్షల ముందు రాత్రి కూడా ఆపేవాళ్లు కాదు. సో ఒయాసిస్ అలా చెవిలో పడిపోయింది. బ్లర్ అంటే అప్పటికి ఫీఫా వీడియో గేమ్‌లో ఊహూ అని అరుస్తూ వచ్చే పాట, అంతే, బ్యాండ్ పేరు కూడా తెలీదు. తర్వాత కుతూహలం కొద్దీ చదవడం మొదలెడితే తెలిసింది వీళ్ల ఫ్యాన్స్ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుందని. ఎన్నో ఏళ్లు ఆ వాదనలు చదివీ చదివీ నాకు తేలిందేంటంటే వీళ్లు వాదించుకునేది ఒకే ప్రశ్న మీద కాదు. ఒకడు ఒక వారం అమ్మకాలు చెప్తాడు, రెండోవాడు ఆల్బమ్ అమ్మకాలు చెప్తాడు, మొదటివాడు వెంటనే అమ్మకాలు వదిలేసి లిరిక్స్ అంటాడు, రెండోవాడు జనం కలిసి పాడటం అంటాడు, ఇంకొకడొచ్చి అసలు వాళ్ల నాన్న ఏం పనిచేసేవాడో అడుగు అంటాడు. సంతలో బేరం మధ్యలో తూకం రాయి మార్చేసినట్టన్నమాట. అందుకే ఆ ముడులు ఒక్కొక్కటీ విప్పి చూద్దామని ఇది రాస్తున్నా.

ముందు కొంచెం వెనక్కి వెళ్లాలి. 1992లో బ్లర్ వాళ్లు అమెరికా టూర్‌కెళ్లారు, సరదాకి కాదు, మేనేజ్‌మెంట్ దెబ్బకి నెత్తి మీద 60 వేల పౌండ్ల దాకా అప్పు పడితే తీర్చుకోవడానికి. అక్కడ ఎవడూ పట్టించుకోలేదు. నిర్వాణా బ్యాండ్ రోజులవి, సియాటిల్ నుంచి వచ్చే గ్రంజ్ అనే గరుకు గిటార్ రాక్ తప్ప ఇంకేం వినట్లేదు జనం. రోజూ తాగడం, తమలో తాము కొట్టుకోవడం, ఇంటి మీద బెంగ. బ్లర్ సింగర్ డేమన్ అల్బర్న్ ఆ బెంగతో ఇంటికొచ్చి ఇకనుంచి పక్కా ఇంగ్లిష్ పాటలే రాస్తానని కూర్చున్నాడు, కింక్స్, మ్యాడ్‌నెస్ లాంటి పాత లండన్ బ్యాండ్‌ల దారిలో. 1993లో మోడర్న్ లైఫ్ ఈజ్ రబ్బిష్, 1994 ఏప్రిల్‌లో పార్క్‌లైఫ్ వచ్చాయి, రెండోదానితో దశ తిరిగింది. అదే టైమ్‌లో స్వేడ్ అనే ఇంకో బ్యాండ్ 1993లో మొదటి ఆల్బమ్‌కే మెర్క్యురీ ప్రైజ్, అంటే అక్కడ ఏడాదిలో మేటి ఆల్బమ్‌కిచ్చే అవార్డు, కొట్టేసింది. సెలెక్ట్ అనే మ్యూజిక్ మ్యాగజైన్ ఆ ఏడాది ఏప్రిల్ కవర్ మీద స్వేడ్ సింగర్ బ్రెట్ ఆండర్సన్ వెనకాల బ్రిటిష్ జెండా పెట్టి, అమెరికన్లూ ఇంటికెళ్లండి అన్నట్టు హెడ్డింగ్ వేసింది. ఈ ఇంగ్లిష్ గిటార్ బ్యాండ్‌ల గుంపుకి పడ్డ పేరు, బ్రిట్‌పాప్ అనే మాట, అప్పటికే ఉన్నా దానికో ఊపు వచ్చింది ఇక్కణ్ణుంచే. స్వేడ్ ఫ్యాన్స్‌కి ఇప్పటికీ మండేది అందుకే, పొయ్యి వెలిగించింది మేము, వడ్డించుకుంది వీళ్లిద్దరూ అని. వాళ్ల కోపం న్యాయమైందే, కానీ వినేదెవరు.

ఇక ఒయాసిస్. మాంచెస్టర్‌లో బర్నేజ్ అనే పేట, ఐర్లండ్ నుంచి వలసొచ్చిన కుటుంబం, అన్న నోయెల్ గాలగర్ పాటలు రాస్తాడు, తమ్ముడు లియమ్ గాలగర్ పాడతాడు. నోయెల్ అంతకుముందు ఇన్‌స్పైరల్ కార్పెట్స్ అనే బ్యాండ్ దగ్గర రోడీ, అంటే ఆంప్లిఫయర్లు మోసి గిటార్లు ట్యూన్ చేసే పని. 1993 మే నెలాఖరున గ్లాస్గోలో కింగ్ టట్స్ అనే చిన్న క్లబ్‌లో వీళ్లు వాయిస్తుంటే క్రియేషన్ రికార్డ్స్ ఓనర్ అలన్ మెగీ విని అక్కడికక్కడే కాంట్రాక్ట్ ఇస్తానన్నాడు. 1994 ఆగస్టులో డెఫినిట్లీ మేబీ వచ్చింది, అప్పటికి బ్రిటన్‌లో అంత వేగంగా అమ్ముడుపోయిన మొదటి ఆల్బమ్ ఇంకోటి లేదు.

ఇక్కడ చాలామంది మర్చిపోయే సంగతి ఒకటుంది. 1995 ఫిబ్రవరి దాకా ఈ రెండు బ్యాండ్‌లకీ పెద్ద శత్రుత్వమేం లేదు. ఆ నెలలో బ్రిటన్ పెద్ద సంగీత అవార్డులైన బ్రిట్ అవార్డ్స్‌లో బ్లర్ ఒకే రాత్రి నాలుగు అవార్డులు ఊడ్చుకెళ్లింది, డేమన్ మైక్ దగ్గర నిలబడి ఇందులో ఒకటి ఒయాసిస్‌తో పంచుకోవాల్సింది అన్నాడు. మరి ఆరు నెలల్లో ఏమైంది. ఏప్రిల్‌లో ఒయాసిస్ సమ్ మైట్ సే పాటతో మొదటిసారి నంబర్ వన్ కొట్టారు, ఆ పార్టీకి డేమన్ వెళ్లాడు, లియమ్ వచ్చి మొహం మీదే మేం నంబర్ వన్ అని ఎగతాళి చేశాడు. ఇది డేమన్ తర్వాత చెప్పుకున్న కథ. ఇది మొత్తం కారణమైనా కాకపోయినా, ఒయాసిస్ కొత్త సింగిల్ రోల్ విత్ ఇట్ ఆగస్టులో వస్తుందని తెలిశాక బ్లర్ వైపు వాళ్లు తమ కంట్రీ హౌస్‌ని జరిపి కరెక్టుగా అదే రోజుకి పెట్టారు. 1995 ఆగస్టు 14, సోమవారం.

సంక్రాంతికి ఇద్దరు పెద్ద హీరోల సినిమాలు ఒకే తేదీకి పడితే ఏం జరుగుతుందో మనకి ఎవడూ చెప్పక్కర్లేదు. అదే జరిగింది. ఎన్‌ఎంఈ పత్రిక కవర్ మీద డేమన్‌నీ లియమ్‌నీ చెరో వైపు పెట్టి బ్రిటిష్ హెవీవెయిట్ ఛాంపియన్‌షిప్ అని బాక్సింగ్ పోస్టర్ లాగా వేసింది. పాటల గొడవ బీబీసీ మెయిన్ న్యూస్ బులెటిన్‌లోకి ఎక్కింది. యుద్ధాలూ ఎన్నికలూ చదివే గొంతులు ఏ సింగిల్ ఎన్ని అమ్ముడైందో చదివాయి. ఆగస్టు కదా, పార్లమెంట్‌కి సెలవులు, పేపర్లకి రాయడానికి వార్తల్లేవు, అదీ కలిసొచ్చింది. అలా రెండు బ్యాండ్‌ల పంతం కాస్తా దేశం మొత్తం ఆట అయిపోయింది, రాక్ మ్యూజిక్ వినని అమ్మమ్మలకి కూడా ఎవరి పక్షమో చెప్పాల్సిన పరిస్థితి.

లెక్క ఎలా వేసేవారో తెలిస్తేనే తర్వాతి గోల అర్థమవుతుంది, అందుకని కొంచెం ఓపిక పట్టండి. స్ట్రీమింగ్ లేదు, యూట్యూబ్ లేదు. సింగిల్ అంటే చేత్తో పట్టుకునే వస్తువు, ఒక పాట, దాని వెనక రెండు మూడు అదనపు పాటలు, సీడీ మీదో క్యాసెట్ మీదో చిన్న వినైల్ మీదో. సోమవారం షాపులోకి వస్తుంది. మీరు స్కూల్ పిల్లాడైతే పాకెట్ మనీ పట్టుకుని హెచ్‌ఎంవీ‌కో వూల్‌వర్త్స్‌కో వెళ్తారు, కౌంటర్‌లో అమ్మాయి డబ్బా తిప్పి బార్‌కోడ్ మీద ఎర్ర లైట్ వేస్తుంది, బీప్. ఆ బీపే మీ ఓటు. శనివారం దాకా పడిన బీపులు కలిపి ఆదివారం సాయంత్రం రేడియో వన్‌లో నలభై నుంచి కిందికి చదువుకుంటూ వస్తారు, ఒకటో నంబర్ చిట్టచివర. పిల్లలు క్యాసెట్ పెట్టి రికార్డ్ బటన్ మీద వేలు పెట్టుకుని కూర్చునే సాయంత్రాలవి. ఆగస్టు 20 ఆదివారం చదివిన ఫలితం ఇది. బ్లర్ సుమారు 2,74,000, ఒయాసిస్ సుమారు 2,16,000. 58 వేల తేడా.

బీప్ పడితేనే ఓటు అన్నాను కదా, గొడవంతా అక్కడే. కంట్రీ హౌస్‌ని బ్లర్ వాళ్లు రెండు సీడీలుగా వదిలారు, ఒక్కోదానిలో వేరే వేరే అదనపు పాటలు, అంటే వీరాభిమాని అన్నవాడు రెండూ కొనాలి, ఒకే మనిషి, రెండు బీపులు. పైగా బ్లర్ సీడీ 1.99 పౌండ్లకి దొరికితే ఒయాసిస్‌ది 3.99. ఆ పైన అలన్ మెగీ ఇంకోటి పట్టుకొచ్చాడు, రోల్ విత్ ఇట్ డబ్బా మీద బార్‌కోడ్‌లో తేడా ఉండి అన్ని అమ్మకాలూ లెక్కలోకి రాలేదని. మన దగ్గర థియేటర్లు ఇవ్వలేదు, షోలు తగ్గించారు, పోస్టర్ మీద కలెక్షన్లు ఫేక్ అని చెప్పుకుంటారే, అచ్చం ఆ వరసే. రెండు సీడీల మాట, ధర మాట ఒప్పుకోవచ్చు, అవి నిజంగా తేడా తెచ్చేవే, కాకపోతే అందులో దొంగతనమేం లేదు, అప్పట్లో అన్ని కంపెనీలూ చేసే పనే, ఒయాసిస్ కంపెనీ కూడా చేసుకోవచ్చు, చేసుకోలేదు. బార్‌కోడ్ కథతో 58 వేలు పూడుతుందంటే మాత్రం నేను నమ్మను. మొత్తానికి ఆ వారం తేల్చింది ఎవరి ఫ్యాన్స్ ఎక్కువన్నది కాదు, ఎవరి కంపెనీ చార్టు లెక్క బాగా చదువుకుందీ అన్నది.

ఇందులో అసలు విషాదం ఏంటంటే ఆ రెండు పాటలూ రెండు బ్యాండ్‌ల మంచి పాటల్లో లేవు. నా మాట నమ్మకపోతే వరసగా వినండి. రోల్ విత్ ఇట్ సాదాసీదా నడక, నోయెల్ ఆ ఏడాది రాసిపెట్టుకున్న మిగతా పాటల పక్కన పెడితే తేలిపోతుంది. కంట్రీ హౌస్ ఒకప్పుడు తమ రికార్డు కంపెనీ నడిపిన డేవ్ బాల్ఫ్ సిటీ వదిలి పల్లెలో పెద్ద బంగ్లా కొనుక్కున్నాడని వేసిన సెటైర్, ట్యూన్ జాతరలో రంగులరాట్నం తిరుగుతున్నట్టుంటుంది. దానికి వీడియో తీసింది డేమియన్ హర్స్ట్, బ్లర్‌లో సగం మందితో పాటు లండన్‌లో గోల్డ్‌స్మిత్స్ కాలేజీలో చదువుకున్న ఆర్టిస్టు. పొట్టి బట్టల అమ్మాయిల వెనక పరుగులు పెట్టే ఆ వీడియో అంటే గిటారిస్టు గ్రాహం కాక్సన్‌కి అస్సలు పడలేదు. గెలిచిన పాట గెలిచిన బ్యాండ్‌లోనే చిచ్చు పెట్టింది, ఆ మాట ఎవరూ పెద్దగా చెప్పుకోరు.

ఇప్పుడు అందరికీ ఇష్టమైన ముడి, క్లాస్, అంటే ఎవరు ఏ వర్గంలోంచి వచ్చారన్నది. ఒయాసిస్ కష్టజీవుల బ్యాండ్, బ్లర్ డబ్బున్నోళ్ల బ్యాండ్, వీళ్లు ఉత్తరం, వాళ్లు దక్షిణం అని పేపర్లు రెండు ముక్కల్లో తేల్చేశాయి. ఉత్తరం అంటే మాంచెస్టర్, మూతపడ్డ మిల్లులు, దక్షిణం అంటే లండన్, డబ్బు, మీడియా. ఇందులో కొంత నిజముంది. గాలగర్ సోదరులు కౌన్సిల్ ఇంట్లో, అంటే ప్రభుత్వం అద్దెకిచ్చే ఇంట్లో, పెరిగారు, చదువు మధ్యలో మానేశారు. డేమన్ వాళ్ల నాన్న ఆర్ట్ కాలేజీలో పాఠాలు చెప్పేవాడు, వాళ్లమ్మ నాటకాలకి సెట్లు డిజైన్ చేసేది, పెరిగింది చాలావరకు ఎసెక్స్‌లోని కోల్చెస్టర్ ఊళ్లో. అలాంటివాడు పార్క్‌లైఫ్‌లో తూర్పు లండన్ యాస పెట్టి పాడితే ఒయాసిస్ వాళ్లకి ఒళ్లు మండింది, ఆ తెచ్చిపెట్టుకున్న యాసకి ఇంగ్లిష్ వాళ్లు మాక్నీ అని పేరే పెట్టారు. కోస్తావాడు సినిమాలో అరువు తెలంగాణ యాస మాట్లాడితే మనవాళ్లు చెవి ఎలా రిక్కిస్తారో అలాంటిదే. అయితే డేమన్ వాళ్లేమీ జమీందార్లు కాదు, మామూలు మధ్యతరగతి కంటే కాస్త కళాపోషణ ఎక్కువ ఉన్న ఇల్లు. డ్రమ్మర్ డేవ్ రౌన్‌ట్రీ తర్వాత లాయరయ్యాడు, లేబర్ పార్టీ తరఫున కౌన్సిలర్‌గా కూడా పనిచేశాడు. అలాంటివాణ్ణి పట్టుకుని దొరబాబు అంటే ఎలా.

క్లాస్ సంగతి నిజంగా మాట్లాడింది ఈ ఇద్దరూ కాదు, పల్ప్. షెఫీల్డ్ వాళ్లు, 1978 నుంచి ఎవరూ వినకపోయినా వాయిస్తూనే ఉన్నారు, సింగర్ జార్విస్ కాకర్. 1995లోనే వాళ్ల కామన్ పీపుల్ రెండో స్థానం దాకా వెళ్లింది. సెయింట్ మార్టిన్స్ ఆర్ట్ కాలేజీలో శిల్పకళ చదవడానికొచ్చిన డబ్బున్న గ్రీకమ్మాయి మామూలు జనంలా బతకాలనుంది అంటుంది, పాట పాడే కుర్రాడు చెప్తాడు నువ్వెంత నటించినా నీకది రాదు, గోడ మీద బొద్దింకలు పాకుతున్నప్పుడు నాన్నకి ఫోన్ కొడితే నీ కథ ముగిసిపోతుంది అని. పేదరికాన్ని టూరిస్టులా చూసేవాళ్ల మీద అంత పదునైన పాట ఆ దశకంలో ఇంకోటి రాలేదని నా అభిప్రాయం. బ్లర్ ఒయాసిస్ ఫ్యాన్స్ క్లాస్ గురించి గొంతు చించుకుంటున్నప్పుడల్లా నాకు ఈ పాట గుర్తొస్తుంది, సమాధానం పక్క గదిలో మోగుతుంటే వీళ్లు వరండాలో కొట్టుకుంటున్నారు.

నా దృష్టిలో అసలు తేడా నాన్న ఉద్యోగంలో లేదు, పాటలో మాట్లాడేదెవరు అన్న దగ్గరుంది. బ్లర్ మంచి పాటల్లో ఎక్కువ భాగం వేరే మనుషుల గురించి. ట్రేసీ జాక్స్ అనే గవర్నమెంట్ గుమస్తా ఒకరోజు బుర్ర తిరిగి సొంత ఇంటినే కూల్చేస్తాడు, అలాంటి చిన్న చిన్న కథలు. పేరుంటుంది, ఊరుంటుంది, అలవాట్లుంటాయి. రాసేవాడు కిటికీలోంచి చూస్తుంటాడు, ఒక్కోసారి జాలిగా, ఒక్కోసారి వెటకారంగా. ఒయాసిస్ పాటలో పాత్రలుండవు, నేను, నువ్వు, మనం, అంతే. మాటలు చాలాసార్లు అర్థం కూడా తేలవు, షాంపేన్ సూపర్‌నోవా అంటే ఏంటంటే నోయెలే ఏమో నాకు మాత్రం ఏం తెలుసన్నట్టు మాట్లాడాడు. అర్థం ఖాళీగా ఉండటమే వాటి బలం, ఆ ఖాళీలో ఎవడి బాధ వాడు పోసుకోవచ్చు, ఎవడి సంబరం వాడు పోసుకోవచ్చు. అందుకే 2017లో మాంచెస్టర్ అరీనాలో బాంబు పేలుడు తర్వాత సెయింట్ ఆన్స్ స్క్వేర్‌లో జనం మౌనం పాటించాక ఎవరో ఒకావిడ డోంట్ లుక్ బ్యాక్ ఇన్ యాంగర్ అందుకుంది, పక్కవాళ్లు కలిశారు, చివరికి చౌరస్తా అంతా పాడింది. ఆ చోట ట్రేసీ జాక్స్ పాడలేం. అలాగని ఒయాసిస్ వింటూ ఇంగ్లండ్‌లో ఒక గుమస్తా జీవితం ఎలా ఉంటుందో తెలుసుకోనూ లేం. బ్లర్ ఫ్యాన్ వచ్చి లిరిక్స్ చూపించు అన్నప్పుడు, ఒయాసిస్ ఫ్యాన్ స్టేడియం చూపించు అన్నప్పుడు, ఇద్దరూ కరెక్టే, కాకపోతే ఒకడు పుస్తకం గురించి మాట్లాడుతున్నాడు, ఇంకొకడు భజన గురించి.

ఆగస్టు తర్వాత కథ గబగబా తిరిగింది. సెప్టెంబర్‌లో బ్లర్ ద గ్రేట్ ఎస్కేప్, అక్టోబర్ 2న ఒయాసిస్ మార్నింగ్ గ్లోరీ. మధ్యలో నోయెల్ ఒక పేపర్ ఇంటర్వ్యూలో డేమన్‌కీ అలెక్స్‌కీ ఎయిడ్స్ వచ్చి చావాలని కోరుకుంటున్నట్టు మాట్లాడి తర్వాత క్షమాపణ చెప్పాల్సొచ్చింది, పోటీ ఎంత చవకబారుగా దిగజారిందో చెప్పడానికి అదొక్కటి చాలు. అమ్మకాల్లో మాత్రం పోలికే లేదు, మార్నింగ్ గ్లోరీ ప్రపంచం మొత్తమ్మీద 2 కోట్ల 20 లక్షల కాపీల దాకా వెళ్లింది, వండర్‌వాల్ అమెరికాలో టాప్ టెన్‌లోకి దూరింది. 1996 ఆగస్టు 10, 11 తేదీల్లో నెబ్‌వర్త్ మైదానంలో ఒయాసిస్ కచేరీకి రెండు రాత్రులు కలిపి రెండున్నర లక్షల మంది. టికెట్ కోసం అప్లై చేసినవాళ్లు 25 లక్షల పైమాటే, దేశ జనాభాలో ఇరవై అయిదు మందికి ఒకడు చొప్పున. బ్రిట్ అవార్డ్స్‌లో ఈసారి ఒయాసిస్ వంతు, స్టేజీ మీద పార్క్‌లైఫ్ పాటని బూతు మాటతో కలిపి పేరడీ కట్టి మరీ వెక్కిరించారు. ఒక్క వారం యుద్ధం బ్లర్‌ది, ఏడాది యుద్ధం ఒయాసిస్‌ది, దీనిమీద రెండు వైపులా పెద్ద అభ్యంతరం ఉండదు.

క్రిటిక్స్ ఏం చేశారో చూస్తే నవ్వొస్తుంది. ద గ్రేట్ ఎస్కేప్ రాగానే ఆకాశానికెత్తారు, మార్నింగ్ గ్లోరీ వచ్చినప్పుడు చాలామంది పెదవి విరిచారు. ఏడాది తిరిగేసరికి జనం తీర్పు చూసి నాలుక్కరుచుకున్నారు. ఈసారి తప్పు చేయకూడదని 1997 ఆగస్టులో ఒయాసిస్ మూడో ఆల్బమ్ బీ హియర్ నౌ వస్తే నక్షత్రాలు గుమ్మరించారు. మొదటి రోజే నాలుగు లక్షల పైగా అమ్ముడైంది. తీరా ఇంటికెళ్లి విన్నవాళ్లకి కొన్ని పాటలు ఏడెనిమిది నిమిషాలు సాగడం, గిటార్ మీద గిటార్ మీద గిటార్ పేర్చి ఉండటం, ఆ మత్తు అంతా చెవులకెక్కి కొద్ది నెలల్లోనే పాత సీడీల షాపుల్లో కుప్పలు పడ్డాయి. రివ్యూ చూసి సినిమాకెళ్లి మోసపోయినోడి మొహంలా తయారయ్యారు జనం. బ్రిట్‌పాప్ ఎప్పుడు చచ్చిపోయింది అనడిగితే చాలామంది వేలు పెట్టి చూపించేది ఈ ఆల్బమ్‌నే. అంతకు మూడు వారాల ముందే, జూలై 30న, నోయెల్ డౌనింగ్ స్ట్రీట్‌లో కొత్త ప్రధాని టోనీ బ్లెయిర్‌తో షాంపేన్ గ్లాస్ పట్టుకుని ఫొటో దిగాడు. బర్నేజ్ కుర్రాడు ప్రధాని ఇంట్లో నిలబడ్డాక ఇంక తిరగబడేది ఎవరి మీద.

బ్లర్ వాళ్లు ఈలోపు ఇంకో దారి పట్టారు. కాక్సన్‌కి అమెరికన్ ఇండీ గిటార్ బ్యాండ్‌లంటే పిచ్చి, ఇంగ్లిష్ జాతర పాటలు చాలు అన్నాడు. 1997 ఆల్బమ్‌కి పేరు కూడా పెట్టలేదు, ఉత్త బ్లర్ అనే, శబ్దం గరుకుగా, లోపల్నుంచి వచ్చినట్టుగా ఉంటుంది. మా హాస్టల్ ఊహూ పాట, సాంగ్ టూ, అందులోదే, నిడివి సరిగ్గా రెండు నిమిషాల రెండు సెకన్లు, బ్రిటిష్ చార్టులో ఆగింది రెండో నంబర్ దగ్గర. ఐదేళ్ల క్రితం అమెరికా మీద కోపంతో ఇంగ్లిష్ పాటలు మొదలెట్టిన బ్యాండ్ అమెరికన్ శబ్దం అరువు తెచ్చుకుని అమెరికా స్టేడియాల్లోకి వెళ్లింది. తర్వాత డేమన్ గొరిల్లాజ్ అనే కార్టూన్ బ్యాండ్ పెట్టి ఇంకో జీవితం మొదలుపెట్టాడు. కొత్తవి ప్రయత్నించడం తూకం రాయైతే బ్లర్ దగ్గర్లోకి కూడా ఒయాసిస్ రాదు, ఒయాసిస్ చివరిదాకా ఇంచుమించు ఒకే పాట రాసుకుంటూ పోయింది. ఈ మాట వాళ్ల ఫ్యాన్స్‌తో అంటే అదే కదా మాకు కావాల్సింది అంటారు, ఇంకేం వాదిస్తాం.

ఈ రెండు పేర్ల గోలలో మరుగున పడిపోయిన వాళ్ల సంగతి నాకు ఎక్కువ బాధ. జస్టిన్ ఫ్రిష్‌మన్ నడిపిన ఎలాస్టికా మొదటి ఆల్బమ్ 1995లో దుమ్ము లేపింది, ఆమె పేరెత్తితే మాత్రం జనం ముందు డేమన్ గర్ల్‌ఫ్రెండ్ అంటారు, లేదా స్వేడ్ మాజీ అంటారు. ఢిల్లీలో పుట్టి ఇంగ్లండ్‌లో పెరిగిన సోన్యా మదన్ ఎకోబెల్లీ బ్యాండ్‌కి పాడేది, మ్యాగజైన్ కవర్ల మీద జెండాలు ఊపుతున్న ఆ రోజుల్లో ఆమెలాంటి మొహాలు ఎన్ని కనిపించాయో లెక్కపెట్టడానికి ఒక చెయ్యి చాలు. అక్కడి ఆసియన్ పిల్లలకి ఆ జెండా అంటే సంబరం కంటే ముందు గుర్తొచ్చేది వలసొచ్చినవాళ్లంటే పడని నేషనల్ ఫ్రంట్ పార్టీ ఊరేగింపులు. తజిందర్ సింగ్ బ్యాండ్ కార్నర్‌షాప్ మన ఆశా భోస్లేకి నివాళిగా రాసిన బ్రిమ్‌ఫుల్ ఆఫ్ ఆశా రీమిక్స్ అయ్యి 1998 ఫిబ్రవరిలో నంబర్ వన్‌కి వెళ్లింది, అప్పటికి పార్టీ అయిపోయి కుర్చీలు మడుస్తున్నారు. ఇంకో తమాషా, కూలా షేకర్ అనే తెల్ల కుర్రాళ్ల బ్యాండ్ 1996లో గోవింద అని పాట వదిలితే అది ఏడో స్థానం దాకా వెళ్లింది, మొత్తం సంస్కృతమే, మన ఊళ్లో భజన బృందాలు పాడుకునే గోవింద జయ జయ, గోపాల జయ జయ. మొదటిసారి విన్నప్పుడు మా నాన్నమ్మ వాళ్ల రామాలయంలో శనివారం సాయంత్రం ఎవరో ఎలక్ట్రిక్ గిటార్ ప్లగ్ పెట్టారేమో అనిపించింది. బ్రిట్‌పాప్ అంటే రెండు బ్యాండ్‌లే అనేవాళ్లకి నేను ముందు ఈ పాటే పంపిస్తుంటా.

ఇంతా చేసి మనుషులు మాత్రం ఎప్పుడో కలిసిపోయారు. 2009 జూలైలో బ్లర్ మళ్లీ కలిసి లండన్ హైడ్ పార్క్‌లో వాయించారు, అదే ఏడాది ఆగస్టు 28న ప్యారిస్‌లో స్టేజీ ఎక్కే ముందు అన్నదమ్ములు కొట్టుకుని ఒయాసిస్ విడిపోయింది. బయటి శత్రువుతో ఏం కాలేదు, ఇంట్లో పోరుతోనే పోయింది. 2013 మార్చిలో రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో క్యాన్సర్ పిల్లల కోసం పెట్టిన కచేరీలో డేమన్, కాక్సన్, నోయెల్ పక్కపక్కన నిలబడి బ్లర్ పాట టెండర్ పాడారు, డ్రమ్స్ మీద పాల్ వెల్లర్. 2017లో గొరిల్లాజ్ పాటలో నోయెల్ గొంతు కూడా కలిపాడు. అంతకుముందు నెలల తరబడి ఒకర్నొకరు తిట్టుకున్న మనుషులు వీళ్లే. ఫ్యాన్స్ మాత్రం రాజీ పడలేదు, అసలు వాళ్లు పోట్లాడేది వీళ్లకోసం అయితే కదా, ఎవడి పదహారో ఏడు వాడిది, దానికోసం.

పైగా ఇప్పుడు పోట్లాడుతున్న వాళ్లలో సగం మంది 1995కి పుట్టి కూడా ఉండరు. 2025 జూలై 4న కార్డిఫ్ స్టేడియంలో పదహారేళ్ల తర్వాత గాలగర్ సోదరులు మళ్లీ కలిసి స్టేజీ ఎక్కినప్పుడు ఆ పాటల జాబితాలో వండర్‌వాల్ ఉంది, లివ్ ఫరెవర్ ఉంది, అవి ఎలాగూ ఉంటాయి. మధ్యలో రోల్ విత్ ఇట్ కూడా ఉంది. 58 వేల బీపుల తేడాతో ఓడిపోయిన పాట. స్టేడియం మొత్తం పాడింది.